డిలన్ పాటల్లో బేస్‌ను వినడం, ఇష్టమైన బేసిస్టును ఎంచుకోవడం ఎలా

అమెరికన్ గాయకుడు, గీత రచయిత బాబ్ డిలన్ గురించి వచ్చిన రాతల్లో సింహభాగం ఆయన మాటల చుట్టూనే తిరుగుతుంది. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి ప్రకటించాక ఆ మొగ్గు మరింత బలపడింది. వాద్యాల ప్రస్తావన వచ్చినా మైక్ బ్లూమ్‌ఫీల్డ్ గిటార్, ఆల్ కూపర్ ఆర్గన్, స్కార్లెట్ రివేరా వయొలిన్ వంటి, చెవికి వెంటనే తగిలే వాటికే పేరు దక్కుతుంది. అడుగున ఉండి పాటను మోసే బేస్‌ను, అంటే మంద్ర స్వరాలు పలికే వాద్యాన్ని, విడిగా విన్నవారు తక్కువ. దాన్ని వాయించినవారి పేర్లు తెలిసినవారు ఇంకా తక్కువ. ఏ పాటతో మొదలుపెట్టాలి, అందులో దేన్ని పట్టుకోవాలి, ఒక బేసిస్టును మరొకరితో ఎలా పోల్చాలి, చివరికి ఏ ఆధారంతో ఒకరిని ఇష్టమైనవారిగా ఎంచుకోవాలి అన్నవి ఇక్కడ క్రమంగా చెబుతాను.

ముందుగా కొలమానం స్థిరపరచుకోవాలి. బేసిస్టులను సాధారణంగా వేళ్ల వేగాన్ని బట్టో, మధ్యలో వాయించే సోలోను బట్టో అంచనా వేస్తుంటారు. డిలన్ విషయంలో ఆ అంచనా పనికిరాదు. పాటను విడమరిచి నేర్పి, కార్డ్‌లు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు) కాగితం మీద రాసిచ్చి, అందరూ సిద్ధమయ్యాక రికార్డ్ చేయడం ఆయన పద్ధతి కాదు. ఒక టేకుకూ (రికార్డింగ్ ప్రయత్నానికీ) మరో టేకుకూ మధ్య శ్రుతినీ నడకనూ మార్చేస్తారు, పాదం చివరి మాటను ఒకసారి సాగదీసి మరోసారి మింగేస్తారు. ఇటువంటి గాయకుడి వెనుక గిటారిస్టుకు సందేహం వస్తే రెండు మాత్రలు ఊరుకోవచ్చు, డ్రమ్మర్‌కు కార్డ్‌లతో పనే లేదు. బేసిస్టుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే మంద్రంలో ఒక్క స్వరం తప్పినా పైనున్న కార్డ్ అర్థమే మారిపోతుంది. కాబట్టి గాయకుడి తరువాతి అడుగును పసిగట్టే నేర్పు ఎవరిలో ఎంత ఉందో చూడడమే ఇక్కడ అసలు పరీక్ష. ఆ నేర్పు నాలుగైదు పాటలు శ్రద్ధగా వింటే చెవికి పట్టుబడుతుంది.

వినే ఏర్పాటు

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ, అంటే ఇ తీగ, సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పై తీగ అయిన జి కూడా 98 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ ఈ స్థాయి శబ్దాన్ని దాదాపు పలికించలేదు. అందులో మనకు వినిపించేది ఆ స్వరం తాలూకు పై అనుస్వరాలు (దానితో పాటే సన్నగా మోగే పై స్థాయి శబ్దాలు) మాత్రమే. అందువల్ల చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు గానీ, కాస్త పెద్ద స్పీకర్లు గానీ తప్పనిసరి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: బేస్ బాగా వినాలని బేస్ బూస్ట్ మీట నొక్కుతారు. అలా చేస్తే కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) కూడా ఉబ్బి, రెండూ కలిసి ఒకే మోతగా మారిపోతాయి. దానికి బదులు ఈక్వలైజర్‌లో 700 నుంచి 1000 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా పెంచితే, వేలు తీగను మీటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది, స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అర్థమవుతుంది.

1960ల రికార్డులకు మోనో ప్రతి (వాద్యాలన్నీ ఒకే ఛానల్‌లో కలిసి వినిపించేది) దొరికితే దాన్నే ఎంచుకోండి. డిలన్ మొదటి ఎనిమిది ఆల్బమ్‌ల మోనో రూపాలు 2010లో ఒక సెట్‌గా వచ్చాయి. వాటిలో బేస్, డ్రమ్స్ ఒకదాన్నొకటి ఒరుసుకుని వినిపిస్తాయి. స్టీరియోలో వాద్యాలు విడివిడిగా తెలుస్తాయన్నది నిజమే కానీ, బేసిస్టు డ్రమ్మర్‌తో ఎలా జత కట్టాడో తెలుసుకోవడానికి మోనోయే మేలని నా అభిప్రాయం.

మొదటి మెట్టు: రెండే వాద్యాలున్న పాట

1965 మార్చిలో విడుదలైన ‘బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్’ చివరి పాట ‘ఇట్స్ ఆల్ ఓవర్ నౌ, బేబీ బ్లూ’తో మొదలుపెట్టడం మంచిది. అందులో డిలన్ గొంతు, గిటార్, హార్మోనికా కాక వినిపించే వాద్యం బేస్ ఒక్కటే. దాన్ని వాయించిన బిల్ లీ జాజ్ సంగీతకారుడు, సినీ దర్శకుడు స్పైక్ లీకి తండ్రి. పక్కన డ్రమ్స్ లేవు కనుక బేస్‌ను వెతకాల్సిన పనిలేదు. మొదటిసారి మాటలు వినండి. రెండోసారి మాటలను పట్టించుకోకుండా, కింది స్వరాన్ని మాత్రమే నోటితో కూనిరాగంగా తీయండి. రాగం సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు, స్వరం మారిన చోటల్లా మీ గొంతు కూడా మారితే చాలు. మూడోసారి మాటలనూ బేస్‌నూ కలిపి వింటే, ఏ మాట మీద బేస్ కదిలిందో, ఏ మాట దగ్గర ఆగిందో అప్పుడు తెలియడం మొదలవుతుంది. తరువాత చెప్పబోయే పాటలన్నిటికీ ఈ మూడు విడతల పద్ధతినే వాడండి.

రెండో మెట్టు: జనం మధ్యలో బేస్

ఇక గుంపులోకి వెళ్లాలి. ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ 1965 జూన్ 16న న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రికార్డయింది. ముందురోజు ఇదే పాటను మూడు మాత్రల వాల్ట్‌జ్ నడకలో ప్రయత్నించి వదిలేశారు. మరునాడు నడక నాలుగు మాత్రలకు మారింది. ‘హైవే 61 రివిజిటెడ్’ ఆల్బమ్‌లో మనం వింటున్నది ఆ రోజు నాలుగో టేకు. బేస్ వాయించిన జో మాకో జూనియర్ పేరు డిలన్ అభిమానుల్లో కూడా చాలామందికి తెలియదు.

ఈ పాట చరణం మొదట్లో కార్డ్‌ల మూల స్వరాలు సంగీతం నేర్చుకున్నవారికి వెంటనే తెలిసిపోతాయి: స రి గ మ ప అని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతాయి. కాసేపటికి మ గ రి స అని దిగుతాయి. చుట్టూ ఆర్గన్, పియానో, రెండు గిటార్లు, టాంబురిన్ ఏకధాటిగా మోగుతున్నా, ఈ ఎక్కుడూ దిగుడూ గుర్తుంచుకుంటే బేస్ ఎక్కడుందో ఇట్టే దొరుకుతుంది. పాడుతున్నవాడి కోపం పెరిగేకొద్దీ కింది స్వరం మెట్టు మెట్టుగా పైకి రావడం, పల్లవిలోకి వచ్చేసరికి మూడు కార్డ్‌ల మీద స్థిరపడిపోవడం ఒకసారి తెలిశాక, ఆ పాటను మునుపటిలా వినడం కుదరదు. మాకో ఇక్కడ కొత్తగా ఏమీ కల్పించలేదు. కల్పించకపోవడమే సరైన పని అని గ్రహించడం కూడా ఒక ప్రతిభే, అయితే ఆయన్ను ఇష్టమైనవారి జాబితాలో చేర్చడానికి అది ఒక్కటే నాకు చాలలేదు.

అదే ఆల్బమ్‌లోని చాలా పాటలకు హార్వే బ్రూక్స్ బేస్ వాయించారు. అప్పటికి ఆయన వయసు 21; ఆల్ కూపర్ స్నేహితుడిగా స్టూడియోకి వచ్చారు. ‘బాలడ్ ఆఫ్ ఎ థిన్ మ్యాన్’లో పియానో వాయిస్తున్నది డిలనే. ఆ పియానో మంద్ర స్వరాలు, బ్రూక్స్ బేస్ కలిసి అరమెట్టు చొప్పున కిందికి దిగుతుంటే పాటలోని ఎగతాళికి ఒక బెదిరింపు తోడవుతుంది. గాయకుడే పియానో దగ్గర కూర్చుని మంద్ర స్వరాలు కూడా తానే మీటుతున్నప్పుడు బేసిస్టు ఆయనకు అడ్డు తగలకుండా, అలాగని మాయమైపోకుండా ఉండాలి. బ్రూక్స్ అది చేసి చూపించారు. 1965 ఆగస్టు 28న ఫారెస్ట్ హిల్స్ కచేరీలోనూ, 1970లో వచ్చిన ‘న్యూ మార్నింగ్’ ఆల్బమ్‌లోనూ బేస్ ఆయనదే. మధ్యలో 1969లో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ రికార్డింగ్‌లలో కూడా వాయించారు. ఆ రెండు ప్రపంచాలలోనూ ఇమిడిపోగలిగిన చేతులు అరుదు.

మూడో మెట్టు: చార్లీ మెకాయ్ దగ్గర ఆగాలి

నా దృష్టిలో ఈ విషయానికంతటికీ గుండెకాయ ‘జాన్ వెస్లీ హార్డింగ్’. 1967 అక్టోబర్ 17, నవంబర్ 6, నవంబర్ 29 తేదీల్లో, నాష్‌విల్‌లో మూడే సెషన్లలో ఈ ఆల్బమ్ పూర్తయింది. చివరి రెండు పాటల్లో పీట్ డ్రేక్ స్టీల్ గిటార్ వచ్చి చేరుతుంది. మిగిలినదంతా డిలన్, డ్రమ్స్ మీద కెనీ బట్రీ, బేస్ మీద చార్లీ మెకాయ్ మాత్రమే. ఆ ఏడాది మిగతా రాక్ సంగీతమంతా వాద్యబృందాలతో, స్టూడియో గారడీలతో నిండిపోయి ఉంటే, ఈ ఆల్బమ్‌లో గిటార్ సోలో అన్న మాటే లేదు. ఆ ఖాళీనంతా నింపవలసిన బాధ్యత బేస్ మీద పడింది.

‘యాజ్ ఐ వెంట్ అవుట్ వన్ మార్నింగ్’ వినండి. డిలన్ గిటార్ ఇక్కడ ఒక సాధారణ తోడు మాత్రమే. పాటకు ముఖమిచ్చింది మెకాయ్ బేస్. అది మూల స్వరం దగ్గర కూర్చోకుండా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ నడక ఎక్కడా మాట మీదికి ఎక్కదు. డిలన్ పాదం ముగించి ఊపిరి తీసుకునే చోట బేస్ కాస్త ముందుకు రావడం, ఆయన మళ్లీ నోరు తెరవగానే వెనక్కి తగ్గడం గమనించండి. మూడు విడతల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది.

తరువాత ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’. జిమీ హెండ్రిక్స్ చేసిన రూపం పుణ్యమా అని దీన్ని చాలామంది గిటార్ పాటగానే ఎరుగుదురు. డిలన్ అసలు రూపం రెండున్నర నిమిషాలు మాత్రమే, అందులో ఉన్నవి మూడే కార్డ్‌లు. స, కైశికి నిషాదం, శుద్ధ ధైవతం, మళ్లీ నిషాదం: ఈ నాలుగడుగుల వలయం పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా మారదు. పల్లవి లేదు, మలుపు లేదు. ఇలాంటి చోట అనుభవం లేని బేసిస్టు విసుగుతో ఏదో ఒకటి చేర్చేస్తాడు, లేదా భయంతో అదే నాలుగు స్వరాలను మరలా మరలా కొట్టి ఊరుకుంటాడు. మెకాయ్ ఆ రెండింటికీ మధ్య దారి పట్టారు: వలయం మారదు, దానిలోపల లయ విరుపులు మాత్రం మారుతుంటాయి. బేస్‌ను మాత్రమే పట్టుకుని పాటను చివరి వరకూ వింటే, కథలో ఆందోళన పెరగడానికి హార్మోనికా ఎంత కారణమో బేస్ కూడా అంతే కారణమని తెలుస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే మెకాయ్‌కు పేరు తెచ్చినది బేస్ కాదు, హార్మోనికా. 1965లో డిలన్‌తో మొదటిసారి కూర్చున్నప్పుడు వాయించినది గిటార్. ‘డిసొలేషన్ రో’లో పాట పొడవునా వెంట వచ్చే ఆ గిటార్ అల్లిక ఆయనదే. ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’లోని ‘మోస్ట్ లైక్లీ యూ గో యువర్ వే’ రికార్డింగ్‌లో ఒక చేత్తో బేస్ వాయిస్తూనే మరో చేత్తో ట్రంపెట్ పట్టుకుని ఊదారని ఆల్ కూపర్ చెప్పిన ముచ్చట ప్రసిద్ధం. ఒకే పాటలో రెండు పనులు అంత సునాయాసంగా చేయగలిగిన మనిషికి, పాటలో ఏ వాద్యం ఎక్కడ అవసరమో తెలియకుండా ఎలా ఉంటుంది?

నాలుగో మెట్టు: ఒకే పాట, ఇద్దరు బేసిస్టులు

పోల్చి వినడానికి ‘బ్లడ్ ఆన్ ది ట్రాక్స్’ కంటే మంచి అవకాశం దొరకదు. 1974 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఈ ఆల్బమ్ మొత్తం రికార్డయింది. మొదటిరోజు ఎరిక్ వైస్‌బర్గ్ బృందాన్ని పిలిచారు. మరునాటి నుంచి ఆ బృందంలో బేసిస్టు టోనీ బ్రౌన్‌ను మాత్రం ఉంచుకున్నారు. డిలన్ అప్పుడు గిటార్‌ను ఓపెన్ ట్యూనింగ్‌లో, అంటే ఏ తీగనూ నొక్కకుండా మీటినా ఒక కార్డ్ మోగేలా, పెట్టుకుని వాయిస్తున్నారు. మామూలు ట్యూనింగ్‌లో అయితే ఎడమచేతి వేళ్లను చూసి కార్డ్ ఏమిటో గుర్తుపట్టవచ్చు. ఓపెన్ ట్యూనింగ్‌లో ఆ వేళ్ల అమరికలు చూసేవారిని తప్పుదారి పట్టిస్తాయి. బృందంలోని మిగతావారు తడబడింది అక్కడే. బ్రౌన్ కళ్లకంటే చెవిని నమ్ముకున్నట్టు ఆ టేపులు వింటే నాకు అనిపిస్తుంది.

‘సింపుల్ ట్విస్ట్ ఆఫ్ ఫేట్’, ‘షెల్టర్ ఫ్రమ్ ది స్టార్మ్’ రెండింటిలోనూ ఉన్నది డిలన్, బ్రౌన్ ఇద్దరే. మొదటి పాట చరణం మొదలయ్యే చోట గిటార్ కార్డ్ లోపలి స్వరం ఒకటి షడ్జం నుంచి కాకలి నిషాదానికి, అక్కడి నుంచి కైశికి నిషాదానికి, తరువాత ధైవతానికి అరమెట్టు చొప్పున జారుతుంది. పాట దిగులంతా ఆ జారుడులోనే ఉంది. దాని కింద బ్రౌన్ ఏ స్వరాన్ని పట్టుకుని ఉన్నారో, ఎప్పుడు వదిలారో వినండి. రెండో పాటలో పది చరణాలు, ప్రతిదాని చివర అదే మాట, అవే మూడు కార్డ్‌లు. బేస్ ఒక్కటే చరణానికీ చరణానికీ మధ్య తేడా చూపుతూ, శ్రోతకు విసుగు రాకుండా కాపాడుతుంది. డిలన్ కోటు గుండీలు గిటార్‌కు తగిలి చేసిన చప్పుడు కూడా ఆ న్యూయార్క్ టేపుల్లో కొన్నిచోట్ల వినిపిస్తుంది. ఆపి సరిచేసి మళ్లీ మొదలుపెట్టే వాతావరణం అక్కడ లేదనడానికి అదే సాక్ష్యం.

డిసెంబర్‌లో డిలన్ మనసు మార్చుకుని, మినియాపొలిస్‌లోని సౌండ్ 80 స్టూడియోలో స్థానిక వాద్యకారులతో సగం పాటలను తిరిగి రికార్డ్ చేశారు. అక్కడి బేసిస్టు బిల్ పీటర్సన్, డ్రమ్మర్ బిల్ బర్గ్. 1975 జనవరిలో ఆల్బమ్ బయటికి వచ్చినప్పుడు అట్టలు అప్పటికే అచ్చయి ఉండటం వల్ల ఆ వాద్యకారుల పేర్లు వాటి మీద లేవు. ఇప్పుడు చేయవలసిన పని ఇది: ‘ట్యాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’ న్యూయార్క్ రూపం 1991లో వచ్చిన బూట్‌లెగ్ సిరీస్ (అంతకుముందు విడుదల కాని రికార్డింగ్‌ల వరుస) తొలి సెట్‌లో ఉంది, మినియాపొలిస్ రూపం ఆల్బమ్‌లో ఉంది. రెండింటినీ వెంటవెంటనే వినండి. న్యూయార్క్‌లో బేస్ గాయకుడి పక్కనే కూర్చుని కథ వింటున్నట్టు ఉంటుంది. మినియాపొలిస్‌లో శ్రుతి పెరిగింది, డ్రమ్స్ వచ్చాయి, బేస్ కథను ముందుకు తోస్తుంది. ఏది మెరుగన్న వాదం యాభై ఏళ్లుగా తెగలేదు. ఈ పాట వరకు నా ఓటు పీటర్సన్‌కే, మొత్తం ఆల్బమ్ మీద మాత్రం బ్రౌన్‌కు.

మీ దగ్గర బేస్ గిటార్ ఉండి, ఈ పాటలతో కలిపి వాయించాలనుకుంటే ఒక చిక్కు ఎదురవుతుంది. న్యూయార్క్ పాటల మాస్టర్ టేపులను డిలన్ కోరిక మీద రెండు మూడు శాతం వేగం పెంచి విడుదల చేశారు. అందువల్ల ట్యూనర్‌తో సరిచూసుకున్న తీగలు కూడా రికార్డ్‌తో కలవనట్టు ఉంటాయి. 2018లో వచ్చిన ‘మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్’లో ఆ టేపులు అసలు వేగంతో ఉన్నాయి, అభ్యాసానికి వాటినే వాడండి. ‘వాచ్‌టవర్’ విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం: డిలన్ కాపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకు బిగించే పట్టీ) పెట్టి ఎ మైనర్ ఆకారాల్లో వాయించినా, రికార్డ్‌లో పాట వినిపించేది సి షార్ప్ మైనర్‌లో. గిటార్ పుస్తకంలో ఉన్న కార్డ్‌లను నమ్మి బేస్ అందుకుంటే మొదటి స్వరమే తప్పుతుంది.

కచేరీల్లో: రిక్ డాంకో, రాబ్ స్టోనర్

స్టూడియో బేస్‌కు చెవి అలవాటు పడ్డాక కచేరీ రికార్డింగ్‌లకు వెళ్లవచ్చు. 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగిన కచేరీ 1998లో అధికారికంగా విడుదలైంది. డిలన్ ఎలక్ట్రిక్ వాద్యాలకు మారడం నచ్చక, ద్రోహి అన్న అర్థంలో శ్రోతల్లోంచి ఒకరు ‘జూడాస్’ అని అరిచినది అక్కడే. ఆ అరుపు తరువాత మొదలయ్యే ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’లో రిక్ డాంకో బేస్‌ను, జూన్ 1965 నాటి జో మాకో బేస్‌తో పోల్చండి. మెట్లు అవే. కానీ డాంకో స్వరాలను పొట్టిగా తుంచి, వాటి మధ్య ఖాళీ వదిలి, హఠాత్తుగా ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారతారు. ఎగిరిపడే ఆ తీరు వల్ల మిక్కీ జోన్స్ డ్రమ్స్ బరువు తగ్గి, పాట పరుగు తీస్తున్నట్టు అనిపిస్తుంది.

1967లో వెస్ట్ సాగర్టీస్‌లోని బిగ్ పింక్ ఇంటి నేలమాళిగలో డిలన్, డాంకో బృందం (తరువాతి ‘ది బ్యాండ్’) కలిసి చేసిన టేపులు వేరే పాఠం చెబుతాయి. డ్రమ్మర్ లెవాన్ హెల్మ్ అప్పటికి ఆ బృందాన్ని విడిచి వెళ్లారు, ఆ ఏడాది చివర్లో గానీ తిరిగి రాలేదు. చాలా పాటల్లో డ్రమ్స్ లేవు, ఉన్నచోట పియానో వాయించే రిచర్డ్ మాన్యువల్ కర్రలు పట్టుకున్నారు. తాళం నిలబెట్టే పని కూడా డాంకో బేస్ మీదే పడిందన్నమాట. ‘దిస్ వీల్స్ ఆన్ ఫైర్’కు డిలన్‌తో పాటు రచయితగా ఆయన పేరు ఉండటం ఆ రోజుల సాన్నిహిత్యానికి గుర్తు. తరువాతి కాలంలో ఆయన ఆంపెగ్ వారి ఫ్రెట్లు (మెడ మీద స్వరస్థానాలను చూపే లోహపు మెట్లు) లేని బేస్‌ను ఇష్టంగా వాయించారు. స్వరాలను జార్చే అలవాటు ఉన్న వేళ్లకు అది తగిన వాద్యమే.

రాబ్ స్టోనర్‌ను వినడానికి ‘డిజైర్’ ఆల్బమ్ చాలు. 1975 జూలైలో మొదటి సెషన్లకు ఎరిక్ క్లాప్టన్‌తో సహా స్టూడియో నిండా జనాన్ని పిలిచారు, పని సాగలేదు. చిన్న బృందంతో చేద్దామని సలహా ఇచ్చినవారిలో స్టోనర్ ముఖ్యులు. ఆ తరువాతే ఆల్బమ్ దారిలో పడింది. ‘వన్ మోర్ కప్ ఆఫ్ కాఫీ’ బేస్‌తో మొదలవుతుంది, అది ముందుగా అనుకున్నది కాదు: డిలన్ గిటార్ అందుకునే సమయానికి వయొలిన్ సిద్ధంగా లేకపోవడంతో ఆ ఖాళీని స్టోనర్ తన బేస్‌తో నింపారు. గాయకుణ్ణి చదవడం అని మొదట చెప్పిన గుణానికి ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ నాకు తెలియదు. పైగా ఆ ఏడాది రోలింగ్ థండర్ పర్యటనలో డిలన్ పక్కన నిలబడి గొంతు కలుపుతూ, పెదవులను గమనిస్తూ వాయించినవారు కూడా ఆయనే.

తరువాతి కాలాన్ని త్వరగా దాటవచ్చు. 1979లో అలబామాలోని మజిల్ షోల్స్‌లో రికార్డయిన ‘స్లో ట్రెయిన్ కమింగ్’లో టిమ్ డ్రమండ్ ఉన్నారు, జేమ్స్ బ్రౌన్ దగ్గరా, నీల్ యంగ్ దగ్గరా పనిచేసిన అనుభవం ఆయనది. ‘గాటా సర్వ్ సమ్‌బడీ’ చరణం చాలాసేపు ఒకే కార్డ్ మీద నిలిచి ఉన్నా కదలిక ఆగకపోవడానికి కారణం ఆయనే. 1983 నాటి ‘ఇన్ఫిడెల్స్’లో జమైకా జంట స్లై డన్బార్, రాబీ షేక్స్‌పియర్ డ్రమ్స్, బేస్ పట్టారు, ‘జోకర్‌మ్యాన్’లో బేస్ వదిలే ఖాళీలు, వాయించే స్వరాలంత విలువైనవి. 1987లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందంతో చేసిన కచేరీల్లో ఫిల్ లెష్ ఉన్నారు. లెష్ గొప్ప బేసిస్టు, సందేహం లేదు. కానీ ఎప్పుడూ గాయకుడికి సమాంతరంగా మరో రాగం అల్లే ఆయన పద్ధతి, మాటను ఎప్పుడు ముగిస్తారో తెలియని డిలన్‌కు నప్పలేదని నా ఉద్దేశం.

టోనీ గార్నియర్‌ను వినడం వేరే పని

1988 జూన్‌లో మొదలైన, అభిమానులు నెవర్ ఎండింగ్ టూర్ అని పిలిచే పర్యటనల్లో మొదటి ఏడాది బేసిస్టు కెనీ ఆరన్సన్. 1989 జూన్‌లో ఆ స్థానంలోకి టోనీ గార్నియర్ వచ్చారు, అప్పటి నుంచి మరెవరూ రాలేదు. డిలన్‌తో అంత కాలం వాయించిన వాద్యకారుడు మరొకరు లేరు. అందువల్ల ఆయన్ను ఒక పాటతోనో ఒక ఆల్బమ్‌తోనో తేల్చడం న్యాయం కాదు. కాలం వెంట నడుస్తూ వినాలి. 2001లో వచ్చిన ‘లవ్ అండ్ తెఫ్ట్’లోని ‘సమ్మర్ డేస్’ పన్నెండు బార్ల బ్లూస్. బేస్ ప్రతి మాత్రకూ ఒక స్వరం చొప్పున నడుస్తుంది. దాని వెంటనే 2015 నాటి ‘షాడోస్ ఇన్ ది నైట్’ పెట్టుకోండి. అక్కడ అందరూ ఒకే గదిలో హెడ్‌ఫోన్లు లేకుండా కూర్చుని వాయించారు. గార్నియర్ డబుల్ బేస్‌ను (నిలబెట్టి వాయించే పెద్ద చెక్క బేస్‌ను) కమానుతో పలికించినప్పుడు అది గిటార్ల కుటుంబాన్ని వదిలి వయొలిన్ల కుటుంబంలోకి వెళ్లిపోతుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు వాయించారంటే నమ్మేటంత తేడా. కచేరీ దృశ్యాలు చూసేటప్పుడు ఆయన చూపు ఎటు ఉందో గమనించండి. చాలాసేపు అది తన ఫ్రెట్‌బోర్డు మీద ఉండదు, డిలన్ చేతుల మీద ఉంటుంది. డిలన్ ఏ పాటను ఎటు తిప్పబోతున్నారో బృందంలో మిగతావారు గార్నియర్‌ను చూసి తెలుసుకుంటారు.

పేర్లు సరిచూసుకోవడం, జాబితా రాసుకోవడం

ఇష్టమైనవారిని ఎంచుకునేటప్పుడు ఆల్బమ్ అట్ట మీది పేర్లను గుడ్డిగా నమ్మకూడదు. మినియాపొలిస్ వాద్యకారుల సంగతి పైన చెప్పాను. ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ అట్ట మీద వాద్యకారుల పేర్లు ఉన్నాయి కానీ, ఏ పాటలో ఎవరు ఏమి వాయించారన్నది లేదు. అందులో బేస్ పట్టినవారు మెకాయ్, హెన్రీ స్ట్రెలెకీ, జో సౌత్ వంటి పలువురు. కాబట్టి జాబితాను ఆల్బమ్‌ల వారీగా రాయకుండా పాటల వారీగా రాయండి: పాట, రికార్డ్ చేసిన తేదీ, ఊరు, బేసిస్టు, మీకు నచ్చిన చోటు ఏ చరణంలో ఉందన్న వివరం. నచ్చిన చోటు రాయలేకపోతే ఆ పేరును జాబితాలో ఉంచవద్దు. నా జాబితాలో స్టూడియో వరకు మెకాయ్ మొదటివారు, బ్రౌన్ తరువాత, కచేరీల్లో డాంకో, గార్నియర్‌కు వేరే పేజీ ఉంది.

జాబితా సిద్ధమయ్యాక ‘విజన్స్ ఆఫ్ జోహానా’తో దాన్ని పరీక్షించుకోండి. 1965 నవంబర్ 30న న్యూయార్క్‌లో డాంకో బేస్‌తో చేసిన వేగమైన రూపం 2015లో వచ్చిన ‘ది కటింగ్ ఎడ్జ్’లో ఉంది, 1966 ఫిబ్రవరి 14న నాష్‌విల్‌లో చేసిన రూపం ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ ఆల్బమ్‌లో ఉంది, అందులోని ఎలక్ట్రిక్ బేస్ జో సౌత్‌దని చెబుతారు. మొదటిదానిలో బేస్ పాటను పరుగెత్తిస్తుంది. రెండోదానిలో అది గొంతు వెనుక ఒక అడుగు దూరంలో ఉండి, డిలన్ మాట సాగదీసిన ప్రతిచోటా ఆగి, ఆయన కదలగానే కదులుతుంది. రెండింటినీ రెండేసి సార్లు విని, మీ జాబితాలో డాంకో ఎక్కడ ఉండాలో, సౌత్ పేరు చేర్చాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోండి.